దుబాసీ వచ్చేలోపు

హోటల్ లాండ్రీలో ఆమెను అందరూ అక్క అనే పిలిచేవాళ్లు. ఆ మాటకు అర్థం వాళ్లకు తెలీదు. చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా "అక్కా, అక్కా" అని అరవడం విని, అదే ఆమె పేరనుకున్నారు. చివరికి మేనేజరు "మిసెస్ అక్క" అని రాసిన బిళ్ల ఒకటి చేయించి ఆమె చొక్కాకి తగిలించాడు. ఆమె దిద్దలేదు. "పోనీలే, పరాయి దేశంలో వరస కలిపి పిలిచేవాళ్లు మాత్రం ఎంతమంది ఉంటారు" అనుకుని ఊరుకుంది.

దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద రోలర్ మిషను దగ్గర ఆమె పని. ఇటు నుంచి తడి దుప్పటి అందించాలి, అటు నుంచి పొగలు కక్కుతూ వచ్చేదాన్ని మడతపెట్టాలి. భర్త లిఫ్టుల మెకానిక్కు. "జనాన్ని పైకి పంపడమే సరిపోయింది గానీ, మనం పైకొచ్చింది లేదు" అని ఆయన వేసే జోకుకి వయసు మీద పడి చాలా ఏళ్లయినా, వేయడం మాత్రం మానలేదు. వాళ్లకు పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆమె చెల్లెలు.

చెల్లెల్ని చిన్నప్పుడు పిట్ట అనేవాళ్లు. పుల్లల్లాంటి కాళ్లు, క్షణం ఊరుకోని నోరు. తల్లి పోయాక అక్కే జడలు వేసింది, అక్కే ముక్కు తుడిచింది, అక్కే బడికి పంపింది. పెద్దయ్యాక అక్క వెనకాలే ఆ దేశం వచ్చి, ఒక పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కుదిరింది. అక్క ఇన్నేళ్లకీ కూడబలుక్కుని మాట్లాడే ఆ దేశపు భాషని పిట్ట ఏడాది తిరక్కముందే నమిలి మింగేసింది. అక్కడివాడినే, టైర్ల కొట్టు నడిపే ఒక భారీ మనిషిని, ప్రేమించి పెళ్లి చేసుకుంది. దాంతో ఆ దేశపు పౌరురాలైంది. అక్కకీ బావకీ ఆ దారి లేదు. ఎన్నేళ్లున్నా వాళ్లు విదేశీయులే.

మరిదికి మన భాషలో మూడే ముక్కలు వచ్చు. "అక్కా", "చాలు", "ఏం కాదు". అన్నం పెడుతుంటే చాలు అనేవాడు, గ్లాసు పగిలితే ఏం కాదు అనేవాడు. "ఆ మూడూ చాలు సంసారానికి, బావకి ఇన్ని మాటలొచ్చి ఏం ఉద్ధరించాడు!" అనేది పిట్ట.

అద్దె ఇళ్లు మారీ మారీ అక్కాబావల నడుములు విరిగిపోయాయి. ఒకచోట యజమాని మేనల్లుడు వస్తున్నాడన్నారు, ఇంకోచోట గోడలు కూల్చి కడతామన్నారు, మరోచోట కారణమే చెప్పలేదు. ఎక్కడా గోడకి మేకు కొట్టనిచ్చేవాళ్లు కాదు. అమ్మ ఫొటో అట్టపెట్టెలోంచి ఏనాడూ బయటికి రాలేదు. అందుకే, రైలు యార్డు పక్కన పాత భవనంలో మూడో అంతస్తు రెండు గదుల ఇల్లు అమ్మకానికి వచ్చిందని తెలిసినప్పుడు, ఇద్దరూ చూసి వచ్చి ఆ వారమంతా దాని గురించి తప్ప ఇంకోటి మాట్లాడలేదు. కింద మోటార్లు రిపేరు చేసే షాపు. వంటగది కిటికీ తీస్తే ఖాళీ రైలు డబ్బాలు. ఇంటి ధర వాళ్ల కూడబెట్టుకి సరిగ్గా, అంటే చొక్కా గుండీ పెడితే ఊపిరాడనంత సరిగ్గా సరిపోయింది. బయానా ఇచ్చేశారు. "మిగతా ఖర్చులు మామూలేనండీ" అన్నాడు బ్రోకరు.

మామూలు అంటే ఏమిటో రిజిస్ట్రేషను చూసే వకీలు దగ్గర తేలింది.

ఆవిడ నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి. చల్లారిపోయిన కాఫీని గుక్కగుక్కగా తాగుతూ ఒక కాగితం వాళ్ల ముందుకి జరిపింది. పిట్ట మధ్యలో కూర్చుని ఒక్కో వరసా చదివి అక్కకీ బావకీ మన భాషలో చెప్పింది. స్టాంపులు. వకీలు ఫీజు. హక్కు పత్రానికి బీమా. అంతవరకూ బావ తలాడించాడు. తర్వాత విదేశీయులు ఇల్లు కొనడానికి ప్రభుత్వ అనుమతి, దానికో రుసుము. ఆ తర్వాత సంతకాల రోజున పక్కన కూర్చుని తర్జుమా చేయడానికి ప్రమాణం చేసిన దుబాసీ.

"దుబాసీ ఎందుకు, నేనున్నాగా?" అంది పిట్ట వకీలుతో.

"మీరు వాళ్ల సొంతమనిషి. సొంతవాళ్ల నోటిమాట చట్టం ముందు చెల్లదు" అంది వకీలు.

ఇక చివరి వరస. విదేశీ కొనుగోలుదారుల పన్ను. ఇంటి ధరలో ఐదో వంతు. పిట్ట అది చదివి, ఆగి, మళ్లీ తనలో తాను చదువుకుని, అప్పుడు చెప్పింది.

బావ కాగితం తన వైపు తిప్పుకున్నాడు. "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కొని చూడమని ఒక్కడూ చెప్పలేదు, అదీ పరాయి గడ్డమీద" అన్నాడు. నవ్వబోయాడు గానీ అది నోటిదాకా రాలేదు. "ఇప్పుడు వద్దంటే?"

"గడువులోపు పూర్తి చేయకపోతే బయానా అమ్మినవాళ్లకే పోతుంది" అంది వకీలు.

అక్క చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, దాని జిప్పు తీస్తూ వేస్తూ కూర్చుంది. కక్కలేరు, మింగలేరు. అప్పుడు పిట్టే అంది.

"నా పేరు మీద రాయించండి. నాకు అనుమతి అక్కర్లేదు, ఈ పన్ను లేదు, దుబాసీ లేడు. ఇల్లు మీది, పేరు నాది. ఇందులో ఆలోచించడానికేముంది బావా?"

వకీలు పిట్ట వంక, అక్క వంక చూసింది. వాళ్ల మాట అర్థం కాకపోయినా విషయం ఆవిడకి కొత్త కాదు. "ఎవరి డబ్బుతో ఎవరు కొంటున్నారో నేనడగను, మీరూ చెప్పకండి" అంది. "ఒక్క సలహా మాత్రం చెప్తాను. ఎవరి పేరున ఇల్లుంటుందో ఆ మనిషి ఒక వీలునామా రాసి పెట్టడం మంచిది. తోడబుట్టినవాళ్లకి వీలునామా ద్వారా వచ్చిన ఇంటికి ఈ విదేశీ పన్ను పడదు. ఇవాళే ఇక్కడే రాసేయొచ్చు."

పిట్ట పెన్ను కోసం చెయ్యి చాపింది. అక్క ఆ చేతిమీద ఒక్కటి వేసింది.

"నీకేమన్నా మతి పోయిందా? నాకంటే పదేళ్లు చిన్నదానివి. నీ చావు తర్వాత నాకేం రావాలో నువ్వు బతికుండగా రాయించుకుని దాచుకోవాలా నేను? నా నోరు పడిపోదూ!"

"ఒట్టి కాగితమే కదక్కా."

"అయితే అసలు వద్దు. అక్కాచెల్లెళ్ల మధ్య కాగితమేంటి? పద."

బావ కూడా "ఆమె చెప్పింది నిజమేలే" అన్నాడు. ఆ రోజు ఆయనకీ అది తప్పనిపించలేదు. వకీలు భుజాలు ఎగరేసి మిగతా కాఫీ తాగేసింది.

అలా ఇల్లు పిట్ట పేరు మీద రిజిస్టరై, అక్క చేతికి తాళాలొచ్చాయి. మొదటిరోజే బావ డ్రిల్లు తెచ్చి గోడకి కన్నం పెట్టి అమ్మ ఫొటో తగిలించాడు. ఆ కన్నం పెట్టే చప్పుడుకి అక్కకి కళ్లనీళ్లు తిరిగాయి. స్నానాల గదిలో పగిలిన పెంకులు మార్చారు. వంటింటి తలుపుకి ఆకుపచ్చ రంగు వేశారు, ఎవరినీ అడక్కుండా. ఆదివారాలు పిట్టా మరిదీ భోజనానికి వచ్చేవాళ్లు. గుమ్మంలోనే పిట్ట నడుం మీద చేతులు పెట్టుకుని "ఇంటి యజమానురాలు వచ్చింది, అద్దె తియ్యండి!" అనేది. బావ జేబులు తిరగేసి చూపించేవాడు. మరిదికి జోకు అర్థమయ్యేది కాదు గానీ అందరికంటే గట్టిగా నవ్వేవాడు.

మంచిరోజులంటే అవే. అవి ఎక్కువకాలం సాగలేదు.

పిట్టకి నడుం నొప్పన్నారు. తర్వాత అరగట్లేదన్నారు. డాక్టర్లు పొట్ట లోపల ఎక్కడో మూలన ఉన్న పుండుని పట్టుకునేసరికే అది లివరుకి పాకిపోయింది. మొదట మందులతో చూద్దామన్నారు. కొన్నాళ్లకి ఆ మాట మానేసి, నొప్పి లేకుండా చూద్దామన్నారు. ఈ రెండు మాటలకీ ఉన్న తేడా అక్కకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. మరిది మాత్రం మంచం పక్కన కూర్చుని, పెద్ద పెద్ద నల్లటి చేతులతో పిట్ట పాదాలు పట్టుకుని, "ఏం కాదు, ఏం కాదు" అంటుండేవాడు.

అక్క రోజూ డ్యూటీ దిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లేది. ఆసుపత్రి దుప్పట్ల మడతలు చూసి "ఎవరు చేశారే ఈ ఇస్త్రీ, ఆవు నాకినట్టుంది" అని తిట్టుకుంటూ మంచం మళ్లీ సర్దేది. పిట్ట జుట్టు పలచబడిపోయినా, ఉన్న నాలుగు వెంట్రుకలూ నూనె రాసి దువ్వేది. ఆమె తలుపు తోయగానే పిట్ట మొదట అడిగే మాట ఒకటే: "తిన్నావా అక్కా?" తను గుక్కెడు నీళ్లు మింగలేని రోజున కూడా అదే అడిగింది. అక్క అబద్ధం చెప్పేది. పిట్ట అది పట్టేసేది. "నీ మొహం చూస్తే తెలీదా, వెళ్లి తిని రాపో" అని గసిరేది. తర్వాత ఇద్దరూ చిన్ననాటి కబుర్లు చెప్పుకునేవాళ్లు. నర్సులు ఆ నవ్వులు విని లోపలికి తొంగిచూసేవాళ్లు.

ఒక సాయంత్రం బావ ఇంటికి వచ్చి, బూట్లు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

"మీ మరిది నా పనిచోటికి వచ్చాడు. చెప్పడానికి మొహం చెల్లక చాలాసేపు తిరిగాడు. కొట్టు మునిగిపోయిందట. బ్యాంకుకి పీకలదాకా ఉన్నాడట. పిట్టకేమన్నా అయితే ఆమె పేరున ఉన్నదంతా వాడికే వస్తుంది. వాడికి వస్తే బ్యాంకు ఊరుకోదు. తనే చెప్పాడు, ఇల్లు మీది, ఏదో ఒకటి చేసుకోండి అని."

అక్క గిన్నెలు కడుగుతూ వెనక్కి తిరగలేదు.

"వకీలుని కలిశాను" అన్నాడు ఆయన. "ఇప్పటికీ ఆ వీలునామా ఒక్కటే దారి. పిట్ట సంతకం చేస్తే చాలు."

"నేనడగను."

"నేనడగనా మరి?"

"ఎవరూ అడగరు! మంచంలో ఉన్న మనిషి దగ్గరికి వెళ్లి, తల్లీ నువ్వు పోతున్నావు గనక ఇది రాసివ్వు అని ఏ మొహంతో అడగమంటారు?"

"మరిది మంచివాడే. బ్యాంకు మంచిది కాదుగా." ఆయన గొంతు తగ్గింది. "నా మోకాలు చూస్తున్నావుగా. ఇంకెన్నాళ్లు ఆ లిఫ్టు గోతుల్లో దిగగలను? నీ చేతులు కాలిన మచ్చలు చూడు. మళ్లీ అద్దె ఇళ్ల చుట్టూ తిరిగే ఓపిక మనకుందా? నాకోసం అడగొద్దు. నీకోసం అడుగు."

కొన్నాళ్లు ఆమె అడగలేదు. రోజూ అడుగుదామనే వెళ్లేది, అడక్కుండానే వచ్చేది. గుమ్మంలో బావ మొహం చూసి తల అడ్డంగా ఊపేది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా నలిగింది. చివరికి డాక్టరు "నెల దాటడం కష్టం" అన్న రోజున, జుట్టు దువ్వుతూ, పిట్ట మొహం తనకి కనపడకుండా వెనక నిలబడి, అడిగేసింది.

"పిట్టా, ఆ రోజు వకీలు చెప్పిన కాగితం... మీ బావ అంటున్నాడు..."

దువ్వెన కింద తల ఒక్క క్షణం కదలకుండా ఆగింది. అంతే.

"అయ్యో, దానికింత నసుగుడెందుకే? నేనే చెప్దామనుకుంటున్నా. రమ్మను, రాసేస్తా" అంది పిట్ట. గొంతులో ఏ తేడా లేదు. అక్క గుండెల మీద నుంచి రాయి దింపినట్టయింది. ఆ రోజు ఇంటికి నడిచే వెళ్లింది, గాలి పీల్చుకుంటూ.

మర్నాడు తలుపు తోయగానే పిట్ట కళ్లు తెరిచింది. "వకీలు వచ్చిందా?" అంది.

అక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. "లేదమ్మా, వాళ్లకి టైము కుదరాలిగా" అంది.

"త్వరగా రమ్మను." పిట్ట కళ్లు మూసుకుంది.

ఆ మర్నాడూ అదే. "కాగితాలు తెచ్చావా?" ఆ పై రోజూ అదే. కోపం లేదు, నిష్ఠూరం లేదు. అప్పగించిన పని ఎక్కడ మర్చిపోతానో అని పదేపదే గుర్తు చేసుకునే పిల్లలా అడిగేది. తిన్నావా అని మాత్రం మళ్లీ అడగలేదు. అక్క కావాలని ఒకరోజు తనే "ఏమీ తినలేదే ఇవాళ" అంది. పిట్ట విని, "సంతకం పెట్టడానికి నా చెయ్యి వణుకుతోంది, పరవాలేదంటారా?" అని అడిగింది. అక్క బాత్రూంలోకి వెళ్లి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

వకీలు, నోటరీ, డాక్టరు, ముగ్గురికీ ఒకేసారి వీలు కుదిరేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతూ వచ్చింది. నొప్పి మందు పెంచారు. ఎలాగైతేనేం ఒక శుక్రవారం ఉదయం అందరూ వచ్చారు. బావ రావాల్సింది, కానీ ఎక్కడో లిఫ్టులో మనుషులు చిక్కుకుపోయారని ఫోనొచ్చి వెళ్లిపోయాడు. నోటరీ పడుచువాడు, మెత్తగా మాట్లాడేవాడు. "ఇల్లు ఎవరికి వస్తుందో వాళ్లు గదిలో ఉండకూడదు" అన్నాడు. అక్కా మరిదీ వరండాలో గోడకి ఆనుకుని నిలబడ్డారు. తలుపు ఓరగా తెరిచే ఉంది.

నోటరీ అడగడం మొదలుపెట్టాడు. మీ పేరేమిటి? మీరెక్కడ ఉన్నారు? మీ దగ్గరికి మేమెందుకు వచ్చామో తెలుసా?

పిట్ట జవాబు చెప్పింది. స్పష్టంగానే చెప్పింది. కానీ మన భాషలో చెప్పింది.

నోటరీ మళ్లీ అడిగాడు, నెమ్మదిగా. పిట్ట మళ్లీ మన భాషలోనే చెప్పింది. వకీలు వంగి, "అమ్మా, మా భాషలో చెప్పండి, మీకు బాగా వచ్చుగా" అంది. పిట్ట ఆవిడ వంక వింతగా చూసింది. ఎవరికీ అందనంత వేగంగా మాట్లాడే భాష, అక్కకీ బావకీ ఇన్నేళ్లు నోరై నడిపించిన భాష, ఆ మందు మత్తులో ఎక్కడో జారిపోయింది. మిగిలింది అమ్మ దగ్గర నేర్చుకున్నదొక్కటే.

అక్క ఆగలేక లోపలికి వచ్చేసింది. "నేను చెప్తాను. ఆమెకి అన్నీ తెలుసు. తన పేరు చెప్పింది, ఆసుపత్రిలో ఉన్నానని చెప్పింది, మీరు ఇంటి కాగితం కోసం వచ్చారని చెప్పింది..."

నోటరీ చెయ్యెత్తి ఆపాడు. అతని మొహంలో నిజంగానే బాధ ఉంది. "మీరు చెప్పకూడదమ్మా. మీరే కాదు, మీ ఇంట్లో ఎవరూ చెప్పకూడదు. ప్రమాణం చేసిన దుబాసీ చెప్తేనే నేను రాసుకోగలను."

మీ భాషకి ఊరంతటికీ ఒక్కడే ఉన్నాడంది వకీలు, ఫోను చెవి దగ్గర పెట్టుకుని. అతను ఊళ్లో లేడు. మంగళవారం వస్తాడు.

ఆ గొడవలో అందరూ పిట్టని మర్చిపోయారు. ఆమె మంచం మీద నుంచి, ఎవరితోనో కాదు, పైకప్పుతో అన్నట్టు, తేటగా మాట్లాడింది.

"ఇల్లు అక్కది. నాది కాదు, ఎప్పుడూ కాదు. రాసి ఇచ్చెయ్యండి తొందరగా. ఇచ్చేస్తే అక్క మళ్లీ ఊరికే వస్తుంది, నన్ను చూడ్డానికి."

గదిలో పిట్ట కాక నలుగురున్నారు. ఆ మాట అర్థమైంది ఒక్కరికే.

నోటరీ సంచీ సర్దుకున్నాడు. డాక్టరు సెలైను సీసా వంక చూశాడు. గుమ్మంలో నిలబడ్డ మరిది అక్క మోచెయ్యి పట్టుకుని, ఆ దేశపు భాషలో గుసగుసగా అడిగాడు. "ఏమంది అక్కా? ఏమందో చెప్పు."

"మంచినీళ్లు కావాలంది" అంది అక్క.

అతను పరుగున వెళ్లి నీళ్లు తెచ్చాడు. చెంచాతో పెదాలు తడిపాడు.

శనివారమంతా అక్క మంచం పక్కనే కూర్చుంది. హోటలుకి వెళ్లలేదు. "నేను ఊరికే వచ్చానే. నిన్ను చూడ్డానికే వచ్చాను. కాగితం లేదు, ఏమీ లేదు" అని చెవి దగ్గర చెప్తూనే ఉంది. పిట్ట కళ్లు తెరవలేదు. ఆ మాట చేరిందో లేదో చెప్పేవాళ్లెవరూ లేరు. ఆదివారం మధ్యాహ్నం ప్రాణం పోయింది.

దుబాసీకి వద్దని చెప్పాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. మంగళవారం అక్క ఆసుపత్రికి పిట్ట బట్టలు తెచ్చుకోడానికి వెళ్తే, ఖాళీ మంచం పక్కన ఒక ముసలాయన టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పేషెంటు ఏరమ్మా?" అన్నాడు మన భాషలోనే.

అక్క చెప్పింది. ఆయన "అయ్యయ్యో" అని కుర్చీలో కూర్చున్నాడు. ఆ "అయ్యయ్యో" విని అక్కకి ఎక్కడలేని ఏడుపూ వచ్చింది. ఇంత దుఃఖంలో ఇన్నిరోజులుగా పరాయి మనిషి నోట ఆ మాట విన్నది లేదు. ఆయన ఆమెని ఏడవనిచ్చాడు.

"ఆమె చెప్పిందండీ" అంది అక్క చివరికి. "ఇల్లు అక్కది అని చెప్పింది. నా చెవులారా విన్నాను. మీరు ఆ మాట రాసి ఇవ్వలేరా?"

ముసలాయన తల వంచుకున్నాడు. "నేను విన్నదే నేను చెప్పగలనమ్మా. నా ప్రమాణం అది. మీ మాట మీద నాకు అనుమానం ఒక్కరవ్వ కూడా లేదు." లేవబోయి, మళ్లీ కూర్చుని, ఇబ్బందిగా టోపీ తిప్పుతూ అన్నాడు. "పిలిచినందుకు రుసుము ఉంటుంది. ఆఫీసు వాళ్లు పంపుతారు. నాకు వద్దన్నా వాళ్లు వినరు. ఏమీ అనుకోకండి."

ఆ తర్వాత జరగాల్సినవన్నీ ఎంత నెమ్మదిగా జరగాలో అంత నెమ్మదిగా జరిగాయి. ఇల్లు భార్య ఆస్తిగా మరిదికి వచ్చింది. వచ్చిన నోటీసు వెనకాలే బ్యాంకు నోటీసు వచ్చింది. మరిది బ్యాంకుకి వెళ్లి, ఇది నాది కాదు, వాళ్ల చెమట అని చెప్పాడట. అక్కడివాడెవడో కంప్యూటర్లో చూసి, "మీ పేరే ఉంది" అన్నాడట. ఆ సంగతి చెప్పడానికి వచ్చి ఆ భారీ మనిషి సోఫాలో పట్టక, అంచున కూర్చుని, పిల్లాడిలా ఏడ్చాడు. అతన్ని ఏమనగలరు? తర్వాత అతను రావడం తగ్గించాడు. ముగ్గురూ ఒకచోట కూర్చుంటే నాలుగో మనిషి లేదన్నది మరీ ఎక్కువగా కనపడేది.

బావ ఆఖరి ఆశగా మళ్లీ వకీలు దగ్గరికి వెళ్లాడు. బ్యాంకు వేలం వేసేటప్పుడు కొనుక్కోవచ్చుగా అన్నాడు. కొనొచ్చు, చట్టం కాదనదు అందావిడ. కొత్తగా ధర, దానిమీద స్టాంపులు, అనుమతి, దుబాసీ, విదేశీ పన్ను. ఆ పన్ను ఈలోగా ఐదో వంతు నుంచి నాలుగో వంతు అయింది. ఈసారి ఆవిడే ఆయనకి కాఫీ ఇచ్చింది. ఆయన తాగకుండా వచ్చేశాడు.

బ్యాంకు మనిషి తాళాలు తీసుకున్న రోజున రైలు యార్డులో ఏదో డబ్బాలు కలుపుతున్నారు, ఒకటే చప్పుడు. అతను గదులు తిరిగి చూసి, ఆకుపచ్చ తలుపు వంక చూసి, "ఇది ముందు నుంచీ ఇలాగే ఉందా?" అని అడిగి ఏదో రాసుకున్నాడు.

కొత్తగా దొరికిన అద్దె గది ఒక పెద్ద భవనం నేల అంతస్తులో, చెత్త డబ్బాల గది పక్కన. కిటికీలోంచి వచ్చేపోయేవాళ్ల కాళ్లే కనిపిస్తాయి. అక్క మళ్లీ రోలర్ దగ్గరికి వెళ్లింది. బావ మోకాలికి పట్టీ కట్టుకుని లిఫ్టు గోతుల్లోకి దిగుతూనే ఉన్నాడు. జోకు మాత్రం మానేశాడు.

ఒక ఆదివారం, అట్టపెట్టెలు ఇంకా విప్పలేదని మొదలైన మాట పెరిగింది. ఆయనకి ఇన్నాళ్లూ లోపల కుళ్లుతున్నది బయటికి వచ్చింది.

"నేను చెప్పిన రోజునే అడిగి ఉంటే ఇవాళ ఈ కొంపలో ఉండేవాళ్లం కాదు. అప్పటికి దానికి మాట పోలేదు, తెలివి పోలేదు. రోజూ వెళ్లావు, రోజూ ఉత్తి చేతులతో వచ్చావు. అడిగితే ఏం పోయేది? నోటిముత్యాలు రాలేవా?"

అక్క చేతిలో పెట్టె కింద పెట్టింది.

"అడిగాక ఏమైందో తెలుసా మీకు?" అంది. "అడిగిన మర్నాటి నుంచి అది నన్ను తిన్నావా అని అడగలేదు. వకీలు వచ్చిందా అని అడిగింది. ఆ శుక్రవారం ఏమందో తెలుసా? ఇల్లు అక్కది, ఇచ్చేయండి అంది. అంతవరకే మీకు చెప్పాను. ఇచ్చేస్తే అక్క మళ్లీ ఊరికే వస్తుంది, నన్ను చూడ్డానికి అంది. అదీ అది మాట్లాడిన ఆఖరి మాట. నేను దాన్ని చూడ్డానికి రావట్లేదనుకుంటూ పోయింది."

కిటికీ బయట ఎవరివో పిల్లల కాళ్లు పరిగెత్తుకుంటూ పోయాయి. ఆయన "నేనే కదా నిన్ను అడగమన్నది" అన్నాడు.

కాదు, మీ తప్పు కాదు అని ఆమె అనాలి. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఏది మీద వేసుకున్నా ఆమె ఆ మాటే అంటూ వచ్చింది. ఇప్పుడు అనలేదు. ఆయన కూడా కాసేపు ఎదురుచూసి, లేచి, గోడకి ఆనించిన మంచం వాల్చి, అటు తిరిగి పడుకున్నాడు. ఆమె పెట్టె తాడు విప్పడం మొదలుపెట్టింది. ముడి బిగుసుకుపోయి రాలేదు. కత్తి ఏ పెట్టెలో పెట్టిందో గుర్తులేదు.